ఆడవాళ్ళ పెట్టెకు మెట్టు లేదు

పెళ్ళయి పెనుకొండకు కాపురానికి వచ్చిన కొత్తలో, అత్తగారింట్లో ఎట్లా నెట్టుకురావాలో నాకు చెప్పినవాళ్ళు చాలామంది. రైలుబండిలో ఎట్లా నెట్టుకురావాలో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అత్తగారిల్లు ఆరు నెలల్లో అలవాటయింది. బండి మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. నడిచేవి అనడమే గానీ, ఎత్తు వచ్చిన చోటల్లా ప్రయాణికులే దిగి తోసేవాళ్ళు. అందుకని అందరికీ రైలే దిక్కు. ధర్మవరంలో బయల్దేరి మా ఊరి మీదుగా హిందూపురానికి పొద్దున ఒక పాసింజరు పోయేది, సాయంత్రం అదే తిరిగొచ్చేది. దాని వేళలు రాసిన కాగితం ఒకటి స్టేషను గోడకు అంటించి ఉండేది. ఆ కాగితం చదువుతున్న మనిషి కనపడితే, పాపం ఊరికి కొత్త అని అందరికీ తెలిసిపోయేది. మేము మాత్రం దూరంగా పొగ కనపడ్డాకే ఇంట్లో నుంచి కదిలేవాళ్ళం. అయినా స్టేషనులో కూర్చుని వక్కాకు వేసుకునేంత తీరిక దొరికేది.

బండెక్కినవాడు ఎవడూ నోరు మూసుకుని కూర్చునేవాడు కాదు. ధర్మవరం నుంచి చీరల మూటతో వచ్చే నేతాయన ఒకడుండేవాడు. ఇంజను పేరెత్తితే చాలు, మనిషి రాజుకునేవాడు. “అది ఇంజను కాదప్పా, కుంపటి! నిప్పురవ్వ వచ్చి చీరలో బొక్క పడె. ఇంత పొడుగు చీరలో దానికి యాడా చోటు ల్యాకపాయనా, పోయి జరీ కొంగులోనే పడల్నా?” అని ఆ చీరను మూటలోంచి తీసి పెట్టెలో ఉన్న ప్రతివాళ్ళకూ చూపించేవాడు. రొద్దం నుంచి వచ్చే రైతుది బల్లల బాధ. బల్లల్లోంచి మేకులు తలలు బయట పెట్టుకుని ఉండేవి. “పంచె చినక్కుండా దిగినోణ్ణి నాకు చూపీబ్బా, దండం పెడతా,” అనేవాడు. నల్లుల సంగతి వస్తే ఇద్దరూ ఏకమయ్యేవాళ్ళు. టికెట్టు లేకుండా అంత సుఖంగా పోయే ప్రయాణికులు అవి మాత్రమేనని వాళ్ళ తీర్మానం. కిటికీలు ఎండాకాలంలో తెరుచుకునేవి కావు, వానాకాలంలో మూసుకునేవి కావు. మరుగుదొడ్డి తలుపును లోపలున్న మనిషే పట్టుకుని కూర్చోవాలి. నీళ్ళు ఉంటాయని ఆశపడి లోపలికి పోయినవాళ్ళు బయటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఇవన్నీ నేను ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేనిది ఒకటే, ఆడవాళ్ళ పెట్టె. అది బండికి చిట్టచివర ఉండేది. పెనుకొండలో ప్లాట్‌ఫారం పొట్టిది. పై తరగతి పెట్టెలు దానికి ఎదురుగా వచ్చి నిలబడేవి. మా పెట్టె ఎక్కడో కంకర మీద ఆగేది. కింద నిలబడితే దాని కాలిపలక నా నడుముకు పైన ఉండేది. చీర కట్టుకునే మనిషి ఎవరూ ఆ పెట్టెను చూసి చేసినట్టు లేదు. బండి ఆగేది రెండు నిమిషాలు. మాలో సన్నటి మనిషి ముందు ఎగబాకి, మిగతావాళ్ళను చెయ్యిచ్చి పైకి లాగేది. ఆ సన్నటి మనిషిని ఎప్పుడూ నేనే.

మా అత్త సన్నటి మనిషి కాదు. గొంతూ పెద్దదే, ఒళ్ళూ పెద్దదే. ఎప్పుడో గడ్డివామి మీద నుంచి జారిపడినప్పటి నుంచి కుడి మోకాలు సరిగా మడత పడేది కాదు. ఆమెకు ఇద్దరే బిడ్డలు. ఒకరు మా ఆయన, పెనుకొండ బడిలో పంతులు. రెండో ఆమె హిందూపురంలో ఇచ్చిన నా ఆడబిడ్డ. ఆ పిల్లకు అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ నెలలు నిండకుండానే, పుట్టింటికి తీసుకురాకముందే జరిగిపోయింది. రెండుసార్లూ మా అత్త దగ్గర లేదు. మూడోసారి కడుపుతో ఉందని తెలిసినప్పుడు ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగింది.

“అమ్మా, ఈతూరి నువ్వు నా పక్కన ఉండల్ల.”

“ఉంటా తల్లీ, యాడికి పోతా?” అంది మా అత్త.

పిల్లను పెనుకొండకు తెద్దామంటే హిందూపురం డాక్టరు బండెక్కించవద్దన్నాడు. ఆ కుదుపుకు పెద్దవాళ్ళ పళ్ళే కదిలేవి, ఆయన మాటలో తప్పులేదు. పోనీ ముందే పోయి ఉందామంటే, అల్లుడింట్లో నెలల తరబడి కూర్చుని తినడం మా వైపు మర్యాద కాదు. కాబట్టి నొప్పులు వచ్చినట్టు కబురు రావాలి, రాగానే మా అత్త బండెక్కాలి. ఎక్కగలదా, ఎక్కలేదా? మా ఇంట్లో ఆ ఏడు జరిగిన యుద్ధమంతా దీని గురించే.

ఐదో నెలలో గాజులు తొడగడానికి ఆమెను ఒకసారి ఎక్కించాం. నేనూ ఇంకో ఇద్దరూ పైనుంచి లాగితే, మా ఆయన కింద నుంచి తోశాడు. పక్క పెట్టె కిటికీల్లో తలకాయలన్నీ బయటికి వచ్చాయి. “శెనక్కాయ మూటనైనా ఇంత కష్టపెట్టరప్పా!” అన్నాడు రొద్దం రైతు. గార్డు విజిలు ఊదాడు. ఆమె లోపల పడేసరికి మోకాలు చీరుకుపోయింది, రవిక చెయ్యి చిరిగింది. హిందూపురం వచ్చేదాకా రైలు కంపెనీ వాళ్ళను వంశం వంశం వరసగా తిట్టింది. అందరమూ నవ్వాం. నేనూ నవ్వాను.

ఇంటికి తిరిగొచ్చి మా ఆయన కంపెనీకి ఇంగ్లీషులో అర్జీ రాశాడు. అడిగింది ఒకటే, ఆడవాళ్ళ పెట్టె కింద వేసుకోవడానికి రెండు మెట్లున్న చెక్కపెట్టె. దానికోసం ఆయన వాడిన ఇంగ్లీషు మాటల బరువుకు గూడ్సుబండి కావాలి. సంతకాలకు పోతే నేతాయన బొక్కలూ, రైతు మేకులూ, నల్లులూ, కిటికీలూ అన్నీ వచ్చి అందులో ఎక్కాయి. అర్జీ మాత్రం మా అత్త పేరుతోనే పోయింది.

రెండు నెలలకు విచారణ చెయ్యడానికి ఒక అధికారి వచ్చాడు. మేము నిజంగా ఆశపడ్డాం. స్టేషను ఊడ్చి, రాళ్ళకు సున్నం కొట్టారు. ఆ రోజు ఆడవాళ్ళ పెట్టె తిన్నగా ప్లాట్‌ఫారం మీదికే వచ్చి ఆగింది! ఇన్నాళ్ళూ అది రాలేకపోవడానికి ఏం రోగం వచ్చిందో ఎవరూ చెప్పలేదు. అధికారి చిన్నవాడు, తెలుగువాడే. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది. కుర్చీలో కూర్చుని, పక్కన గుమాస్తాను పెట్టుకుని, అర్జీ మీద పేరున్న మా అత్తను మొదట పిలిచాడు. ఆమె వెనక వరసగా సంతకాలు పెట్టినవాళ్ళందరూ నిలబడ్డారు.

“ఏమమ్మా, మా బండిలో మీకు సౌకర్యంగా ఉందా?” అన్నాడు.

మా అత్త అతని ముఖం చూసింది. “మాకేమి నాయనా, చల్లగా ఉండాం. బండి బాగుండాది. నువ్వు అన్నం తిన్న్యావా? ముఖం పీక్కపోయిండాదే,” అంది.

నా గుండె ఆగిపోయింది. గుమాస్తా కలం మాత్రం ఆగలేదు, రాసుకుంటూ పోయింది.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఊరికి వచ్చిన మనిషి ఏం కష్టమని అడిగిన వెంటనే కష్టాలు విప్పేవాళ్ళను మా దగ్గర మనుషుల్లో లెక్కెయ్యరు. మొదటిసారి అడగడం పలకరింపు. బాగున్నామని చెప్పి, కూర్చోబెట్టి, తాగడానికి ఏదైనా ఇవ్వాలి. ఆ తర్వాత వచ్చిన మనిషి మళ్ళీ అడుగుతాడు. అప్పుడు చెప్పాలి. అప్పుడు చెప్పడం మొదలుపెడితే మా అత్తను ఆపడం ఇంజనుకు కూడా చేతకాదు. ఆమె మజ్జిగ తెప్పించింది. అధికారి గటగటా తాగి, “చాలా సంతోషమమ్మా,” అని లోటా ఆమె చేతికిచ్చి, తర్వాతి మనిషిని పిలిచాడు.

తర్వాతి మనిషి రొద్దం రైతు. వెనక నుంచి చిరిగిన పంచె ఆ రోజు కావాలనే కట్టుకొచ్చాడు. “బాగుండాది సామీ,” అన్నాడు. నేతాయన బొక్క పడిన చీర చంకలో పెట్టుకుని ఉన్నాడు. ఆయనకూ బాగుంది. వరసగా అందరికీ బాగుంది. అధికారి బండి కదిలాక నేను రైతు మీద ఇంతెత్తు లేచాను. “పెద్దామె బాగుండాదని చెప్పినంక నేను బాగలేదంటే, ఆమెను అబద్ధాలమనిషిని చేసినట్లు కాదామ్మా?” అన్నాడు.

మా ఆయన తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. “ఎందుకట్ల చెప్తివమ్మా?”

“మళ్ళొకతూరి అడగలేదే!” అంది మా అత్త. “అడిగితే చెప్దామని మాట నోటిదాకా తెచ్చుకోనుంటి. ఏం మనిషప్పా, ఒక్కతూరి అడిగి లేసి పాయ!”

నెల తిరక్కుండా కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ప్రయాణికులందరూ, ముఖ్యంగా అర్జీదారు, సేవల పట్ల తృప్తి వెలిబుచ్చారు కాబట్టి మెట్టు అవసరం లేదని అందులో ఉంది. మా ఆయన దాన్ని తెలుగు చేసి చదివితే మా అత్త మాట్లాడకుండా లోపలికి పోయింది. ఆమె మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదలు.

ఒక సాయంత్రం హిందూపురం నుంచి వచ్చిన బండిలో కబురు వచ్చింది. ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యాయట, నెల ముందే. ఎద్దులబండి కంటే పొద్దున రైలే ముందు చేరుస్తుంది. తెల్లవారగానే ఇంట్లో ఉన్న ఎత్తు పీట నెత్తిన పెట్టుకుని స్టేషనుకు పోయాం. బండి రాగానే మా ఆయన తల్లిని నేరుగా ప్లాట్‌ఫారం ముందున్న పై తరగతి పెట్టె దగ్గరికి తీసుకుపోయాడు. స్టేషను మాస్టరు తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

“నా కూతురు కంటాంది సామీ. హిందూపురం దాకా నిలబడే వస్తా,” అంది ఆమె.

“మూడో తరగతి బాగుందని మీరే కదమ్మా చెప్పారు?” అన్నాడు ఆయన.

అక్కడే ఒక నిమిషం పోయింది. చివరి పెట్టెకు ఆ మోకాలితో ఆమె పరిగెత్తింది. నేను పైకి ఎగబాకి రెండు చేతులూ చాపాను. మా ఆయన కంకర మీద పీట వేశాడు. ఆమె ఎక్కి నిలబడి నా చేతులు పట్టుకుంది. కంకర జారి పీట ఒరిగిపోయింది. అప్పుడే బండి కదిలింది. ఆమె నా చెయ్యి వదల్లేదు, పక్కనే నాలుగడుగులు కుంటుతూ వచ్చింది. నేనూ బయటికి జారిపోతున్నాను. అది చూసి తనే చెయ్యి విడిపించుకుంది.

“నువ్వు పో! నువ్వన్నా పోవే!” అని అరిచింది. కంకర మీద పడిపోతూ అరిచింది.

హిందూపురం దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. పెట్టెలో ఎవరికీ ఆ రోజు కంపెనీ గురించి చెప్పడానికి ఏమీ లేకపోయింది.

ఆడబిడ్డ నన్ను చూడగానే నా వెనకకు చూసింది. “అమ్మ యాడ వదినా?”

“వెనక వస్తాండాది,” అన్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా అడిగింది. అడిగినప్పుడల్లా అదే చెప్పాను. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, గుప్పెడంత, గట్టిగా ఏడ్చింది. దేవుడి దయ. ఆ తర్వాత ఆడబిడ్డ తల్లి గురించి అడగడం మానేసింది.

మూడో రోజు గడ్డి పరిచిన ఎద్దులబండిలో మా అత్త వచ్చింది. మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని దింపి మంచం దగ్గరికి తెచ్చారు. ఆడబిడ్డ గోడవైపు తిరిగి పడుకుంది.

“ఇప్పుడెందుకొచ్చినావు? నాకు అయిపోయిండాది,” అంది.

రైలు సంగతి చెబుతుందేమో, పీట సంగతి చెబుతుందేమో, స్టేషను మాస్టరును తిడుతుందేమో అని నేను ఎదురుచూశాను. అన్నిటికీ ఆమె దగ్గర తిట్లు ఉన్నాయి. ఒక్కటీ తియ్యలేదు. నేల మీద కూలబడి, మంచం కోడు పట్టుకుంది.

“వాడు అడగనే అడిగె తల్లీ,” అంది. “నేనే చెప్పల్యా.”

ఎవరు అడిగారో, ఏం అడిగారో ఆ పిల్లకు తెలియదు. తల్లి గొంతు అట్లా రావడం మాత్రం ఎప్పుడూ విని ఉండదు. గోడవైపు నుంచి ఇటు తిరిగింది. తర్వాత బిడ్డను ఎత్తి రొమ్ముకు ఆనించుకుని, మంచం మీద ఒక పక్కకు జరిగింది.

“పైకి రామ్మా,” అని చెయ్యి చాపింది.