బండ మీది పంజరం

మాది బేతంచెర్ల. పోయిన ఎండాకాలం మావారు మా చిలుకకు ఇంట్లోనే ఇనుప జాలీతో పంజరం కట్టారు. బండల వ్యాపారం కదా, అడుగున కూడా నాపబండే బిగించారు!

"చిలక్కి బండ ఏంది? గృహప్రవేశం చేస్తాండారా?" అని దెప్పాను. పైకెత్తే తలుపును నమ్మలేక, నేనే దానికి బట్టల క్లిప్పు పెట్టాను.

"నీకన్నీ అనుమానాలే!" అని నవ్వారాయన.

ఒక మధ్యాహ్నం చిలుక గట్టిగా అరిస్తే ఇద్దరం వరండాలోకి పరుగెత్తాం. గండుపిల్లి ఒకటి పంజరాన్ని ఒంటితో తోస్తూ, పంజాతో తలుపు ఎత్తాలని చూస్తోంది. పంజరం ఒరగలేదు, తలుపు లేవలేదు. ఆయన చెప్పు విసిరితే పిల్లి గోడ దూకింది.

"చూసినావా, నా బండే కాపాడింది!"

"నా క్లిప్పు లేకుంటే మీ బండ మీద ఈకలే మిగిలేవి!"

ఆ తగవు ఇంకా తేలలేదు. వినడానికి చిలుక మిగిలింది, అది చాలు.