నీలం అద్దం

మంగళవారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేసి పెదనాన్న పోయారని చెప్పాడు. అప్పుడు నా ఎదురుగా కంప్యూటర్లో మా పరిశోధన గైడ్‌కి పంపని ఉత్తరం ఉంది. అందులో ఒకే వాక్యం: "అది గ్రహం కాదు."

పెదనాన్న ఉక్కు ఫర్నేసు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు. కరిగిన ఇనుమును చూసే నీలం అద్దం రిటైరయ్యాక కూడా జేబులోనే ఉండేది. స్టవ్ మంటను సైతం అందులోంచి చూసేవారు. పటకారు పట్టుకుని పెద్దమ్మ అడిగేది: "ఇది టీ, ఇనుం కాదు. దించీమంతావా?"

మనకు దగ్గర్లోని ఒక చిన్న ఎర్ర నక్షత్రం వెలుగు తొమ్మిది రోజులకోసారి కాస్త తగ్గుతోందని కిందటి నెల ఆయనకు చెప్పాను. ఏదో గ్రహం అడ్డొస్తోందని, దాని మీద నీళ్లుండే వీలుందని, అది నేను కనిపెట్టిన మొదటి గ్రహమని.

"పెతీసారీ ఒకేలాగ తగ్గుతందా?"

ఇంకా పోల్చి చూడలేదన్నాను.

"కాన్వెంటు పిల్లా, స్లాగ్, అదే మడ్డి, తేలితే ఇనుం మీద నల్లమచ్చ కనబడతాది. ఇనుం సల్లారిపోనాదని కొత్తోలు కంగారు పడిపోతారు. మచ్చ కదిలీదాకా ఆగాల."

ఆగాను. ఈలోగా ఆయన ఆసుపత్రిలో చేరారు. శుక్రవారం కొత్త లెక్కలొచ్చాయి. వెలుగు ఈసారి ఆలస్యంగా, కొద్దిగా మాత్రమే తగ్గింది. గ్రహమైతే అలా మారదు; అది నక్షత్రం ఒంటి మీది మచ్చే. కానీ మా గైడ్ అప్పటికే నలుగురికి గ్రహమని చెప్పేశారు.

శనివారం మంచం పక్కన కూర్చున్నాను.

"నీ సుక్క ఏటన్నాదే?"

"గ్రహమే, పెదనాన్నా."

ఆసుపత్రి చొక్కాకి జేబు లేదు; అయినా ఆయన చెయ్యి దాని కోసం వెతికింది. "అద్దం నేకపోయినా కనబడతంది. స్లాగేనా?"

తలూపాను.

"ఇనుమని సెప్పి స్లాగ్ పంపేత్తే అవతల పోతపోసీవోడు ఏటయిపోవాల? రాసీ."

ఆ రాత్రే ఉత్తరం రాశాను. పంపడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. అన్నయ్య ఫోన్ పెట్టేశాక పంపాను. గైడ్ నుంచి ఒక్క మాటే వచ్చింది: "సరే." ఆ మాటకు ఇంకా భయపడుతూనే ఉన్నాను. ఇలాంటి భయంతోనే, అయినా ఉన్నదే చెబుతూ, ఆయన ముప్పై ఏళ్లు మంట ముందు నిలబడ్డారని ఇప్పుడు తెలుస్తోంది.

పన్నెండో రోజు కర్మకు వాళ్లింటికి వెళ్తే పెద్దమ్మ టీ పెట్టింది. అద్దం నా చేతికిచ్చింది. అందులోంచి చూశాను. టీ పొంగి అంచు మీంచి కారింది. మంట ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేచింది.

పెద్దమ్మ పటకారు పట్టుకుని, నేను దించమంటానా అని ఆగింది.