ఆగి చెప్పే ఆమోస్

టోపీలు కుట్టే ఆమోస్ ట్రిప్ ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పడు. అదీ ఆయన జబ్బు. లోపల దేవుడు పలికేదాకా ఆగాలట. మా ఊళ్ళో పాదిరి లేకుండా మౌనంగా కూర్చుని ప్రార్థించే క్వేకర్లంతా కాస్త ఆగే రకమే గానీ, ఆమోస్ ఆగితే అవతల పొయ్యి మీద కూర మాడుతుంది.

సంపాదనలో పదోవంతు రాజుగారి చర్చికి కట్టాలి, ఆ దశమభాగం వసూలుకు పాదిరిగారి గుమాస్తా వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

"డబ్బిస్తావా, టోపీలు ఎత్తుకుపొమ్మంటావా?"

ఆమోస్ సూది పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"రేపు నీ పిల్లలకు బాప్తిస్మం ఎవరిస్తారయ్యా? ఓహో, మీకది లేదు కదూ. పెళ్ళి? అదీ మీరే చేసుకుంటారు. పోనీ చస్తే పాతిపెట్టేది..." గుమాస్తా నసిగాడు. "అదీ మీరేనా?"

మరి పాదిరికి దేనికివ్వాలో వాడికే తోచలేదు. తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. అప్పుడు కళ్ళు తెరిచి, "ఇవ్వను," అన్నాడు ఆమోస్, ఖాళీ గుమ్మంతో.

మేం క్వేకర్లం కాదు. నీళ్ళలో నిలువునా ముంచి బాప్తిస్మమిచ్చే వాళ్ళం. వాళ్ళకు నీళ్ళూ లేవు, పాటా లేదు, జడ్జీనైనా నువ్వనే అంటారు. మా తమ్ముడు గిడియన్ ప్రసంగంలో సగం వాళ్ళను తిట్టడమే. మా ఇంటికీ ఆమోస్ కొట్టుకీ మధ్య చెక్కగోడే గనక ఆయనకన్నీ వినపడేవి. "నిన్న బాధపడ్డావా ఆమోస్?" అని పొద్దున అడిగితే, "లేదు, గొంతు బాగుంది," అని మధ్యాహ్నం చెప్పేవాడు.

ఆ రోజుల్లో రాజుగారి చర్చిలో తప్ప ఇంకెక్కడ గుంపుగా ప్రార్థన చేసినా నేరం. గిడియన్ రెండుసార్లు దొరికాడు. మూడోసారి దొరికితే ఓడెక్కించి ఏడేళ్ళు సముద్రం అవతల బార్బడోస్ దీవిలో చెరుకు తోటల్లో వెట్టికి పంపుతారు. వాడా, కిటికీ తెరిస్తే దగ్గే మనిషి.

ఒక ఆదివారం మా వెనకగదిలో గిడియన్ ప్రసంగం మంచి జోరు మీదుంది. వీధిలో బూట్ల చప్పుడైంది. నేను చెక్కసందులోంచి చూశాను. కానిస్టేబుల్ హంఫ్రీ నేరుగా ఆమోస్ గుమ్మంలో నిలబడ్డాడు. అంతకు ముందు వారమే వాడు తప్పు తలుపు పగలగొట్టి, జడ్జీగారి మేనత్తను బోడితలతో జనానికి చూపించాడు. ఇప్పుడు సాక్షి చెప్పందే తలుపు ముట్టడు.

"మీ వాళ్ళు అబద్ధమాడరటగా. చెప్పు. గిడియన్ పక్కింట్లో ఉన్నాడా?"

ఆమోస్ ఎలాగూ లేడనడు. ఉన్నాడంటే మా వాడు ఓడెక్కినట్టే.

ఆమోస్ కళ్ళు మూసుకున్నాడు.

నేను వెనక్కి పరిగెత్తి, "దూకండి," అన్నాను. ఒక్కొక్కరే కిటికీలోంచి తోళ్ళవాళ్ళ పెరట్లోకి దూకారు. గిడియన్ మాత్రం, "అక్కా, ఇంకొక్క వాక్యం," అంటాడు. వాడి మెడ పట్టి తోశాను. నడుం దగ్గర ఇరుక్కున్నాడు. అవతల హంఫ్రీ కర్రతో బల్ల మీద కొడుతున్నాడు.

"నోరు పడిపోయిందా? అవునో కాదో చెప్పు."

నేను మోకాలు ఆనించి నెట్టాను. గిడియన్ అవతల పడ్డాడు. వాడి దగ్గు సందు చివరికి పోయి వినపడకుండా పోయింది.

అప్పుడు ఆమోస్ నోరు విప్పాడు.

"హంఫ్రీ, నీ కర్రకు మనిషి మోకాలు వంగుతుంది, మనసు వంగదు. కొట్టి చర్చికి తీసుకెళ్తే దేవుడికి దక్కేది ఒక వేషగాడు. నీకు చెప్పను."

"ఎవరి కోసమయ్యా ఇదంతా? ఆ ముంచేవాళ్ళు నిన్ను పిచ్చోడంటారు."

"అంటారు. అననియ్యాలి."

హంఫ్రీకి ఒళ్ళు మండింది. రాజుకు విధేయుణ్ణని ప్రమాణం చెయ్యమన్నాడు, చెయ్యకపోతే జైలే. క్వేకర్లు ప్రమాణాలు చెయ్యరని వాడికీ తెలుసు. చెయ్యననగానే చేతులు కట్టేశాడు.

నేను వీధిలోకి ఉరికాను. "మీ దేవుడికి నోరు పెగలడానికి అంతసేపా?"

జన్మలో మొదటిసారి వెంటనే చెప్పాడు. "ఊఁహూఁ. అడగ్గానే పలికాడు. నోరు మూసుకోమన్నాడు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపు రావాల్సిన చోట.

"ప్రూడెన్స్, మా వాళ్ళంతా ఇప్పటికే జైల్లో ఉన్నారు, ఇప్పుడు నేనూ పోతున్నాను. వచ్చే ఆదివారం మా ప్రార్థన గది మూసి ఉంటే వీళ్ళు గెలిచామనుకుంటారు. తలుపు బార్లా తీసి ఒక గంట కూర్చుంటావా? ఒక్క మనిషిని గుంపనలేరు."

"నేనా? నోరు మెదపకుండా గంటసేపా?"

హంఫ్రీ కూడా నా వంక అనుమానంగా చూశాడు.

"మాట్లాడాలనిపిస్తే మాట్లాడు," అన్నాడు ఆమోస్. "కానీ ముందు కాస్త ఆగి చూడు."