కుర్చీలు జరిపిన పాట

కువైట్‌లో, సాల్మియాలోని బట్టల షాపు కౌంటర్ దగ్గర రోజంతా నిలబడే నన్ను నాటకంలోకి పిలిస్తే మొదట నమ్మలేదు. పిలిచినాయన అహ్మదిలో ఇంజనీరు, గోదావరి జిల్లా మనిషి. ప్రాచీన గ్రీకుల పద్ధతిలో తనే ఒక నాటకం రాశాడు, దర్శకుడూ తనే. రాజు ఊరి బావికి తాళం వేయిస్తే, ఆడవాళ్ళంతా కలిసి అడగడానికి వస్తారు. ఆ బృందానికి నన్ను ముందు నడవమన్నాడు.

గ్రీకు నాటకశాలలో ప్రేక్షకులకూ రంగస్థలానికీ మధ్య రెండు పక్కలా బాటలుండేవట. బృందం వాటిలోంచే పాడుతూ వచ్చేదట. ఆ బాటనీ, ఆ పాటనీ కూడా పరోదోస్ అనేవారట.

"తెర వెనకాల నుంచి వస్తే మీరు వేషగాళ్ళండి. జనం పక్కనుంచి వస్తే ఊరోళ్ళవుతారు," అన్నాడు.

శుక్రవారాల్లో సాధన చేసేవాళ్ళం. నడిస్తే పాట తప్పేది, పాడితే కాళ్ళు ఆగేవి. సబ్హాన్ గోడౌన్‌లో పనిచేసే జగిత్యాల అన్న డప్పు కొట్టేవాడు. మా అడుగులు చూసుకుంటూ దెబ్బ నెమ్మది చేసేవాడు. నా పక్కన రాయచోటి అమ్మాయి, ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. ఆమె గొంతు అందుకుంటే మా అందరికీ ధైర్యం వచ్చేది.

నాటకం రోజున అనుకోనంత జనం వచ్చారు. నిర్వాహకులు పక్క దారులు రెండింటిలోనూ కుర్చీలు వేసేశారు. మేము రంగులు పూసుకుని, సగం మంది ఒక పక్క, సగం మంది మరో పక్క తలుపుల బయట నిలబడ్డాం. దర్శకుడు చెమటలు కక్కుతూ వచ్చి, ఇక తెర వెనకనుంచే రమ్మన్నాడు.

రాయచోటి అమ్మాయి ముఖం చిన్నబోయింది. "ఇన్ని దినాలు నేర్చుకునింది తెర చాటున నిలబడేదానికా అక్కా? మామాని బతిమాలుకోని వచ్చినా," అంది. మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు.

నాకూ ఏడుపొచ్చినంత పనైంది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "అన్నయ్యగారూ, దారి మేమే అడుగుతాం. పాటలోనే అడుగుతాం."

ఆయన జవాబు చెప్పేలోపే జగిత్యాల అన్న డప్పు ఎత్తాడు. "మీరు నడువుండ్రి. నేను కొడ్త."

తలుపు తోసుకుని వెళ్ళాం. పాటలో మొదటి మాట 'వస్తున్నాం'. నేను దాన్ని మార్చేశాను.

"జరగండి జరగండి, దాహంతో ఉన్నాం,
బావి దాకా పోవాలి, బాట ఇవ్వండి!"

వెనకున్నవాళ్ళు వెంటనే అందుకున్నారు. మొదటి కుర్చీలో పెద్దాయన కంగారుగా లేచి, కుర్చీని నెత్తి మీదికి ఎత్తుకున్నాడు. ఆయన్ని చూసి వెనకాయన లేచాడు. తల్లులు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. అవతలి తలుపులోంచి మిగతా సగం బృందం మా పాట విని అదే మాట పాడుతూ వస్తోంది. మేం నడుస్తున్నకొద్దీ ముందు దారి విచ్చుకుంది. సగం హాలు దాటేసరికి జనం కూడా 'జరగండి' అంటూ గొంతు కలిపారు. రెండు బృందాలూ రంగస్థలం ముందు కలిసేటప్పటికి నా గొంతు నాకే వినిపించలేదు. పైన నిలబడ్డ రాజు కోపం నటించడం మరిచిపోయి నవ్వేశాడు.

భోజనాల దగ్గర ఆ పెద్దాయన ప్లేటు పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"అందరికంటే ముందు లేచింది నేనేనమ్మా. మళ్ళీ ఆడితే నాకు చెప్పండి, అదే కుర్చీలో కూర్చుంటాను," అన్నాడు.

తప్పకుండా చెబుతామని రాయచోటి అమ్మాయి ఆయన నంబరు రాసుకుంది.