నాలుగో కాయ

ఆటలంటే నాకు పడదు. ఆడటం రాక కాదు, మరీ బాగా వచ్చి. పెళ్ళికి ముందు పేకముక్కలు చేతిలోకి తీసుకుంటే నాకు అన్నం సంగతి గుర్తుండేది కాదు. బాప్తిస్మం తీసుకున్న రోజు ఆ ముక్కల కట్టను కాలవలో పారేసి వచ్చాను. కల్లు మానేసినవాడికి తాటిచెట్టు కనబడినా కోపం వచ్చినట్టు, ఆ తర్వాత ఎవరు ఏ ఆట ఆడుతున్నా నాకు ఒళ్ళు మండేది. ఆ మంట వల్ల మా అమ్మాయి రెండు చేతులూ, బహుశా ప్రాణమూ పోవలసిన రోజు ఒకటి వచ్చింది. దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల చివర. మాదాపూర్‌లో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. కంప్యూటరు కంపెనీల గుండ్రటి పెద్ద భవనం అప్పటికే లేచింది. ఇంకా లేవవలసినవాటి కోసం చుట్టూ గుట్టలు పగలగొడుతున్నారు. అలాంటి ఒక కట్టుబడి దగ్గర నేను స్టోర్‌కీపర్‌ని. నా భార్య బోరబండ వైపు ఒక నర్సింగ్‌హోమ్‌లో నర్సు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఒక్కతే సంతానం.

రోజూ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి విజిల్ వినబడేది. ఎర్రజెండా పట్టుకున్న మనిషి దారికి అడ్డంగా నిలబడేవాడు. ఆటోలు ఆగేవి, గేదెలు ఆగేవి. ముందు కాళ్ళ కింద నేల కదిలేది, ఆ వెనక శబ్దం వచ్చేది. వంటింట్లో స్టీలు గిన్నెలు వాటంతటవే మోగేవి. గోడ మీద పగులు ఇంకాస్త పొడుగైందని ఇంటి ఓనరమ్మ నెలనెలా వచ్చి వేలితో చూపించి పోయేది. కొత్తలో విజిల్ వినగానే మా అమ్మాయి చెవులు మూసుకుని నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చేది. ఆరు నెలలు తిరిగేసరికి కంచంలోంచి తల కూడా ఎత్తేది కాదు. పోనీలే, భయం పోయింది అనుకున్నాను. పిల్లకు ఏ భయం ఉండాలో, ఏది పోవాలో అంతా నా చేతిలోనే ఉందని నమ్మిన రోజులవి.

ఇంట్లో చట్టాలన్నీ నావే. టీవీ ఉండేది కానీ దాని మీద ఎప్పుడూ గళ్ళ దుప్పటి కప్పి ఉండేది. వార్తలకు దుప్పటి తీసేవాణ్ణి, పాట మొదలవగానే కప్పేసేవాణ్ణి. క్యారమ్స్ తప్పని బైబిలు వాక్యంలో ఎక్కడా దొరకలేదు, అందుకని పౌడరు దండగ అన్న కారణంతో దాన్ని నిషేధించాను. క్రికెట్ మనుషుల్ని సోమరుల్ని చేస్తుందని ఇంట్లో చెప్పేవాణ్ణి, టీకొట్టు దగ్గర నిలబడి రేడియోలో స్కోరు వినేవాణ్ణి. నా భార్యకు ఆ సంగతి తెలుసు. "చెప్పేవి శ్రీరంగనీతులు..." అని సామెత సగంలో ఆపేసేది. "విశ్వాసుల ఇంట్లో శ్రీరంగమేంటి?" అని నేను గద్దిస్తే, "మీరు వింటే వార్తలు, మేం వింటే లోకపు పాపమూనా?" అని నవ్వేది. నేనూ నవ్వేసేవాణ్ణి. మా అమ్మాయి మాత్రం నా మొహం వైపు చూసి, నేను నవ్వుతున్నానని ఖాయం చేసుకున్నాక నవ్వేది. అది చూసి బుద్ధిగల పిల్ల అని మురిసిపోయేవాణ్ణి.

ఓనరమ్మ కూతురిది మా అమ్మాయి వయసే. ఒకరోజు పని నుంచి వచ్చేసరికి ఇద్దరూ వసారాలో గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడుతున్నారు. ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు, మధ్యలో గవ్వలు. ఆ గవ్వలు దొర్లడం చూడగానే, సిలువ కింద కూర్చుని ప్రభువు అంగీ కోసం చీట్లు వేసుకున్న సైనికులు నాకు గుర్తొచ్చారు. మా అమ్మాయి కాయలు గాజుముక్కలు. వాటిని ఏరి గోడ అవతలికి విసిరేశాను. చెంబుతో నీళ్ళు తెచ్చి గళ్ళ మీద పోశాను. గవ్వలు ఓనరమ్మవి కాబట్టి వాటి జోలికి పోలేదు. నా రోషానికి ఆ మాత్రం తెలివి ఉండేది.

"ఆట వద్దంటే వద్దు. అర్థమైందా?"

"అయింది నాన్నా."

ఆ తర్వాతి సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. విసిరేసిన గాజుముక్కలు వెతుక్కుంటూ పిల్లలిద్దరూ గోడ అవతలికి వెళ్ళారు. అక్కడ కొంత ఖాళీ జాగా, దాని వెనక పగలగొట్టిన రాళ్ళ కుప్పలు. గాజుముక్కలు దొరకలేదు. రాళ్ళ సందుల్లో వెండి రంగులో మెరిసే గొట్టాలు దొరికాయి. చిటికెనవేలంత ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి సన్నటి రంగు తీగలు. సరిగ్గా నాలుగు. రాతిలో దట్టించిన మందును పేల్చడానికి పెట్టే డిటోనేటర్లు అవి. ఎందుకో పేలకుండా మిగిలిపోయి రాళ్ళతో పాటు బయటికి వచ్చాయి. మా అమ్మాయి ఆ తీగలను గొట్టాలకే చుట్టి, ఒక్కోదానికి ఒక్కో తలపాగా తయారు చేసింది. మాదాపూర్ మొత్తంలో అంత అందమైన కాయలు ఎవరికీ ఉండి ఉండవు.

నేను ఇంట్లో లేని వేళ చూసుకుని మూడు వారాలు వాటితో ఆడింది. కాయ చచ్చినప్పుడల్లా టక్కుమని కొట్టి పక్కన పెట్టి ఉంటుంది, అష్టాచెమ్మాలో ఎవరైనా అలాగే చేస్తారు. ఎండకు కాలిన గచ్చు మీద. మిగతా వేళల్లో అవి ఒక పౌడరు డబ్బాలో, కుట్టుమిషను కింద, మేము ముగ్గురం పడుకునే చోటికి మూరెడు దూరంలో ఉన్నాయి. ఆ మూడు వారాలూ నేను హాయిగా నిద్రపోయాను.

మా సంఘం రేకుల షెడ్డులో కూడుకునేది. ఆ వేసవిలో మూడు రోజులు ఉపవాస కూటాలు పెట్టారు. ఆఖరి సాయంత్రం ప్రతి కుటుంబమూ ఇంట్లో ఉన్న లోకపు వస్తువులు తెచ్చి అందరి ముందూ మంటలో వేయాలి. ఎవరిది వాళ్ళు, ఎవరి చేత్తో వాళ్ళు వేయాలి. తండ్రి వేస్తే అది తండ్రి సమర్పణే గాని పిల్లలది కాదు అన్నారు పాస్టరుగారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా గాలించాను. రెండు సినిమా పాటల కేసెట్లు, నా భార్య చదివే వారపత్రిక దొరికాయి. తర్వాత అమ్మాయిని పిలిచాను.

"ఆట సామాను ఏమైనా ఉంటే తెచ్చి ఇచ్చెయ్యి. దేవుడు చూస్తున్నాడు."

లోపలికి వెళ్ళి, కాసేపటికి పెరటి వైపు నుంచి వచ్చి పౌడరు డబ్బా ఇచ్చింది. ఊపి చూశాను. లోపల గలగలమంది.

"మళ్ళీ పోగేశావన్నమాట. అన్నీ ఇందులోనే ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి నాన్నా."

మూత తీసి చూడలేదు. తనంతట తాను తెచ్చి ఇచ్చిన పిల్లను అనుమానించకూడదని, అది నా పెద్దమనసని అనుకున్నాను. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి ఊపి, డబ్బాను సంచిలో వేసుకున్నాను.

షెడ్డు ముందు ఆరు గంటలకు మంట వేశారు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. పిల్లలను ముందు వరసలో, మంటకు నాలుగడుగుల దూరంలో నిలబెట్టారు. అందరూ చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. ఎవరో పేకముక్కలు వేశారు, ఎవరో తాయెత్తు వేశారు. కేసెట్లు కాలి నల్లటి పొగ లేచింది. నా భార్య డ్యూటీ నుంచి నేరుగా వచ్చి ఆడవాళ్ళ వైపు నిలబడింది. మా వంతు వచ్చింది. డబ్బా తీసి అమ్మాయి చేతిలో పెట్టాను. అది కదలలేదు. "నీ చేత్తో వెయ్యమ్మా," అని వీపు మీద చెయ్యి పెట్టి మంట వైపు తోశాను. తోశాను అనే ఆ ఒక్క మాట ఎవరితోనైనా చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మంట దగ్గరికి వెళ్ళి అమ్మాయి ఆగింది. డబ్బా మూత తీసింది. ఆఖరిసారి చూసుకోవాలనిపించింది కాబోలు, పిల్ల కదా. మంటలోకి కట్టెలు తోస్తూ పక్కనే ఒక మనిషి ఉన్నాడు. పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు, గుట్టల మీద రాతికి మిషనుతో బెజ్జాలు వేసే పని అతనిది, సంఘంలో పెద్దగా మాట్లాడేవాడు కాదు. డబ్బాలోకి చూశాడు. చేతిలోని కట్టె వదిలేసి ఒక్క అంగలో వచ్చి డబ్బా లాక్కున్నాడు.

"ఎన్కకు జరుగుండ్రి! అందరు ఎన్కకు!"

పాట ఒక్కసారిగా ఆగిపోలేదు, వెనక వరసల్లో ఇంకా పాడుతూనే ఉన్నారు. అతను డబ్బాను రెండు చేతుల్లో పట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ దూరంగా ఇసక కుప్ప మీద పెట్టి తిరిగి వచ్చాడు.

"సార్, గివి మంటల వడితే ఏమైతదో ఎర్కేనా?" అని ఎడమ చెయ్యి నా మొహం ముందు పెట్టాడు. రెండు వేళ్ళు లేవు. "గిది ఒక్క దానికే."

అతను అమ్మాయి వైపు తిరిగి ఇవేంటని అడిగాడు, అది అష్టాచెమ్మా కాయలంది. "బిడ్డా, గిండ్ల మూడే ఉన్నయ్. అష్టాచెమ్మకు నాలుగు గావాలె గద?"

"మూడే," అంది నా వైపు చూస్తూ.

"నాలుగోది ఏది?" అని అరిచాను. భుజాలు పట్టుకుని కుదిపాను. మూడే నాన్నా, మూడే నాన్నా అని అదే మాట అంటోంది. అబద్ధమని తెలిసిపోతోంది. అంతమంది ముందు, ఆ మంట ముందు నాకు అబద్ధం చెబుతోందన్న కోపం. ఆ నాలుగోది ఎక్కడ ఉందో, ఎవరి చేతికి దొరుకుతుందో అన్న వణుకు. రెండూ కలిసి చెయ్యి ఎత్తించాయి. అతను నా చెయ్యి గాల్లోనే పట్టుకున్నాడు.

"సార్, జర అవతలికి పొండ్రి. మీరుంటే పోరి చెప్పది."

కన్నతండ్రిని నేను, నాకు చెప్పకపోవడమేమిటని కదలకుండా నిలబడ్డాను. నా భార్య వచ్చింది. "వెళ్ళండి," అంది.

గేటు దాకా వెళ్ళి నిలబడి చూశాను. అతను పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు. ఏదో అడిగాడు. మా అమ్మాయి అతని చెవి దగ్గర నోరు పెట్టి రెండు ముక్కలు చెప్పింది. నిమిషం కూడా పట్టలేదు.

"నీళ్ళ పొయ్యి కాడ కట్టెల సందుల వెట్టిందంట," అన్నాడు వచ్చి.

ప్రతి ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు స్నానాలకు ఆ పొయ్యి వెలిగించేది నేనే. ఆ కుప్పలోంచి పుల్లలు గుప్పెడు తీసి, చూడకుండా లోపలికి తోసేవాణ్ణి. తెల్లవారితే ఆదివారం.

ఇంటికి పరుగెత్తాం. అతను మమ్మల్నీ ఓనరమ్మ వాళ్ళనూ వీధిలోనే ఉంచి, ఒక్కడే లోపలికి వెళ్ళి కట్టెలు ఒక్కొక్కటే తీశాడు. ఒక్కో కట్టె కింద పెట్టిన చప్పుడు వీధిలోకి వినబడుతూనే ఉంది. అంతసేపూ అమ్మాయి వాళ్ళమ్మ చీర చెంగు పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి తువ్వాలులో దాన్ని పెట్టుకుని బయటికి వచ్చి, నాలుగూ పేలుడు పని చూసే మేస్త్రీకి అప్పజెబుతానని వెళ్ళిపోయాడు. అతనికి దండం కూడా పెట్టలేదు నేను.

లోపలికి వెళ్ళాక నా భార్య అన్నం వడ్డించింది. ఎవరూ తినలేదు. అమ్మాయి అవతలి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎందుకు దాచావమ్మా?" అని అడిగాను.

"పచ్చ తీగలది నాకు ఇష్టం." అంది. "నాన్నా, నేను ఎప్పుడు చచ్చిపోతాను?"

"అదేం మాట! అతను తీసుకుపోయాడుగా. ఇక పేలదు."

"పేలి కాదు. దాచుకున్నందుకు."

అప్పుడు అర్థమైంది. అంతకు ముందు వారం కుటుంబ ప్రార్థనలో నేనే చెప్పాను, పొలం అమ్మి, కొంత దాచుకుని, అంతా దేవుడికే తెచ్చామని అబద్ధమాడిన భార్యాభర్తల కథ. తప్పు బయటపెట్టిన అపొస్తలుడి మాట వినగానే భర్త పడి చచ్చిపోయాడు. తర్వాత వచ్చిన భార్య అపొస్తలుడి కాళ్ళ దగ్గరే పడి ప్రాణం విడిచింది. కళ్ళకు కట్టినట్టు చెప్పానని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

"వాళ్ళు కాళ్ళ దగ్గర పడి చచ్చిపోయారు కదా," అంది. "అందుకే నీ దగ్గరికి రావట్లేదు నాన్నా."

నేనే వెళ్దామని లేచాను. అది రెండు చేతులతో నేలను పట్టుకుని గోడ వెంబడి ఇంకాస్త దూరం జరిగింది.