గ్లాసులో పెద్ద మేడం

ఫలక్‌నుమా దగ్గర బడిలో ఆరో తరగతికి సైన్సు చెప్పేటప్పుడు నేను పుస్తకం తెరవడం తక్కువ, బెంచీలు జరపడం ఎక్కువ. పిల్లలే నీళ్లు, పిల్లలే ఆవిరి. గోల మాత్రం నిజం గోలే. మా ప్రధానోపాధ్యాయురాలిని అందరం పెద్ద మేడం అంటాం. ఆమెకు ఈ నాటకాలంటే ఒళ్లు మంట.

"ఏంది సార్ ఈ లొల్లి? రేపు నేనొచ్చి కూసుంట. పిల్లలకు సమజైతే సరే, లేకుంటే ఈ ఆటలు బంద్," అన్నారు.

పైకి నవ్వాను గానీ, ఆ ఆటలు పోతే పిల్లల సంగతేమో, నాకే బడికి రాబుద్ధి కాదు.

మర్నాడు నేలమీద సుద్దతో ఒక చెంబు, ఒక గ్లాసు గీశాను. చెంబులో నిలబడ్డ పిల్లలు నీళ్లు. వాళ్లను గ్లాసులోకి పోస్తే ఆకారం మారుతుంది, నీళ్లు మాత్రం అన్నే ఉంటాయి. అదీ పాఠం. పోసే పని కిషన్‌బాగ్ పాలవాళ్ల అమ్మాయికి ఇచ్చాను. పొద్దున్నే వాళ్ల బాపుతో ఇంటింటికీ తిరిగి పాలు పోసి వస్తుంది కదా, చెయ్యి తిరిగిన మనిషి అని నా తెలివి.

జాగ్రత్తగానే పోసింది. ఒక్కరూ ఒలకలేదు. నేను హమ్మయ్య అనుకునేలోపు, గోడ పక్కన కుర్చీలో ఉన్న పెద్ద మేడంని చెయ్యి పట్టి లేపి గ్లాసులో నిలబెట్టేసింది!

"నన్నెందుకు గుంజినవే?"

"కొసరు మేడం. కొసరు పొయ్యకుంట మా బాపు ఎవ్వరి గిన్నె ఇయ్యడు."

నా పాఠం గంగలో కలిసింది. పెద్ద మేడం గ్లాసులోంచే నావైపు తిరిగారు. "నీళ్లు పెరగవన్నరు గద సార్? మరి ఇదేంది?"

ఆ పిల్లే నామీద జాలిపడి, "పెరగలే మేడం. కొసరు ఊకెనే వస్తదా? గ్లాసుల ఎక్కువైతే క్యాన్‌ల తక్కువైతది," అంది.

"మరి నేను ఏ క్యాన్‌ల నుంచి వచ్చిన?"

అమ్మాయి ఖాళీ కుర్చీ చూపించింది.

పెద్ద మేడం కుర్చీని చూశారు, నన్ను చూశారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలకు అంత సందు దొరికితే చాలు, విరగబడి నవ్వారు.

పెద్ద మేడం పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "రేపటి ఆట ఏంది సార్?" అని అడిగారు. ఆవిరి అన్నాను.

"ఈసారి నన్ను కొసరు చెయ్యకుర్రి. ముందుగాలనే చెంబుల నిలవెట్టుర్రి."