ఏడో రోజు మగ్గం

వెంకట్రాజానిది దొంగరోగమని కాశిబుగ్గలో మొదట అన్నవాణ్ని నేనే. నా పేరు రాజమల్లు. ముప్పై ఏళ్లుగా మేమిద్దరం ఒకే మగ్గం మీద జంపఖానాలు నేస్తున్నాం. వెడల్పాటి మగ్గం, ఒక్కడి చేతులు చాలవు. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి చెరో కొసన కూర్చుంటాం. నేను ఇటునుంచి నూలు చుట్టిన నాడె విసిరితే అతను అటు పట్టుకొని తిరిగి విసరాలి. అతను ఆగితే నేనూ ఆగాలి.

రెండేళ్లుగా ఆగుతున్నాడు. ఉన్నట్టుండి ఛాతీ మీద అరచెయ్యి వేసుకుంటాడు. మొహం పాలిపోతుంది, చెమటలు కారతాయి. "అన్నా, గుండె ఉరుకుతాంది" అంటాడు. ఆటోలో దవాఖానకు చేరేసరికి అంతా సర్దుకుంటుంది. ఈసీజీ గీతల్లో ఏ తప్పూ ఉండదు. ఇట్లా ఐదుసార్లు. గ్యాస్ అన్నారు, భయం అన్నారు. నాకు ఒళ్లు మండి, "పని తప్పించుకునే ఏషాలు గివి" అని అతని భార్య చిలుకమ్మ ముందే అనేశాను. నా నోటికి అదుపు లేదు, ఏం చెయ్యను? అతను తల దించుకొని నాడె అందుకున్నాడు.

పోయిన నెల మగ్గం మీదే తెలివితప్పి పడ్డాడు. దవాఖానలో మూడు రోజులు పడుకోబెట్టి చూశారు. అక్కడున్నన్నాళ్లూ ఆ దడ రాలేదు. చివరికి డాక్టర్ స్నేహలత అతని ఛాతీకి అగ్గిపెట్టెంత యంత్రమున్న పట్టీ అంటించింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది రాసుకుంటుందట, ఫోన్ ద్వారా దవాఖానకు పంపుతుందట. అక్కడ కంప్యూటర్ లక్షల గుండె దెబ్బలు వెతికి, తప్పుగా పడ్డవాటిని ఏరి చూపిస్తుందట.

"ఆ తప్పు దెబ్బ దొరికితేనే ఏ వైద్యం చెయ్యాలో తెలుస్తుంది. దొరక్కుండా ఇంకోసారి పడిపోతే మళ్లీ లేస్తారని నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ. ఆ పట్టీ కోసం ఎందరో వరసలో ఉన్నారు. మాకు ఏడు రోజులే. మళ్లీ మా వంతు రావాలంటే రెండు నెలలు.

ఇక మా తెలివి చూడండి. ఈసీజీ తీసిన ప్రతిసారీ "కదలకు" అన్నారు కదా, దీనికీ అంతే అనుకున్నాం. పెద్దమనిషి తరహాలో నేనే చెప్పాను: "మగ్గం ఎక్కకు తమ్మీ, గీతలు కరాబైతయి. సప్పుడు జెయ్యక పండుకో." నూలు దుమ్ము పడకుండా చిలుకమ్మ అతన్ని వెనక గదిలో పడుకోబెట్టింది. డాక్టర్లు పట్టీతో పాటు ఇచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని భద్రంగా మడిచి క్యాలెండర్ వెనక దోపింది. ఎవరమూ చదివించుకోలేదు.

ఆరో రోజు సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఆయన ఏం చేస్తున్నారమ్మా? ఆరు రోజులుగా నిద్రపోతున్న మనిషి గుండెలాగే ఉంది."

"పండవెట్టినం మేడం. మిషన్ల తప్పు వడొద్దని" అంది చిలుకమ్మ.

"పడుకుంటే అది రాదమ్మా. రోజూ చేసే పని చెయ్యాలని కాగితంలో ఉంది. నేను నోటితోనూ చెప్పాల్సింది. ఇంక రేపొక్కరోజే. పక్కన మనిషి ఉండాలి, గుమ్మంలో ఆటో ఉండాలి. ఏమాత్రం తేడా వచ్చినా నా దగ్గరికి తీసుకురండి."

ఫోన్ పెట్టేసి చిలుకమ్మ నేల మీద కూలబడింది. "అన్నా, నా చేతులతోని మగ్గం మీదికి ఎట్ల తోలాలె? రావాల్నని మొక్కాల్నా, రావద్దని మొక్కాల్నా?"

ఆరు రోజులు పాడు చేసింది నేనే. ఆమె మొహం చూడలేక బయటికి వచ్చేశాను.

ఏడో రోజు పొద్దున్నే అతను గుంటలో దిగాడు. గుమ్మంలో ఆటో నిలబెట్టాం. చిలుకమ్మ ఫోన్ పట్టుకొని అతని పక్కనే కూర్చుంది. నాడె విసిరాను, తిరిగి వచ్చింది. మళ్లీ విసిరాను, మళ్లీ వచ్చింది. పది అయింది. పన్నెండు అయింది. రెండు ముద్దలు తిని మళ్లీ కూర్చున్నాడు. రెండు దాటింది, ఏమీ లేదు.

"జల్ది ఇసురన్నా" అన్నాడు. "ఇయ్యాల దొరకకపోతే ఇగ ఎవ్వలు నమ్మరు."

ఇంకా వేగంగా విసిరాను. తోడబుట్టినవాడి లాంటి మనిషికి జబ్బు తెప్పించడానికి చేతులు నొప్పి పుట్టేదాకా విసిరాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆపలేదు.

మూడున్నరకు విసిరిన నాడె తిరిగి రాలేదు.

చూస్తే పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు, అరచెయ్యి పట్టీ మీద. చిలుకమ్మ అతన్ని పేరు పెట్టి పిలుస్తోంది, పలకడం లేదు. ఇద్దరం గుంటలోంచి లాగి ఆటోలో వేశాం. బజారు మలుపు దగ్గర ఫోన్ మోగింది. "దొరికింది, నేను చూస్తూనే ఉన్నాను. దేనికి వైద్యం చెయ్యాలో తెలిసింది. త్వరగా తీసుకురండి" అంది డాక్టరమ్మ.

అతని తల నా ఒడిలో ఉంది. కాసేపటికి కళ్లు కొంచెం తెరిచాడు. పెదాలు కదిలితే చెవి దగ్గర పెట్టాను.

"పడ్డదా అన్నా?"

"పడ్డది తమ్మీ. కంప్యూటర్ల పడ్డది."

"ఏషాలు గాదు గదా?"

అందరి మీదా లేచే నోటితోనే, అతని చెయ్యి పట్టుకొని, జల్ది పోనియ్యమని ఆటో అతన్ని బతిమాలుకున్నాను.